సమానంగా అరిగిన మడమ

కాళ్ళ గది, ఆసుపత్రి వెనక వీధి
జనవరి 6

అక్కా,

కాలు పెట్టిన పెట్టె అందిందని బావ రాసిన కార్డు నిన్న వచ్చింది. అడుగున ఉన్న కాగితాలు పారేయకండి, బోల్టు విప్పే రెంచీ వాటిలోనే చుట్టి పెట్టాను.

బావ తీసి పంపిన ప్లాస్టరు అచ్చు కొలతకే తొడుగు చేశాను. పైన తోలు, లోపల మెత్త. మోకాలి కింద నీ కాలు ఎక్కడ ఆగిందో అక్కడ సరిగ్గా కూర్చోవాలి. చీలమండ దగ్గర ఉన్నది మాత్రం నా సొంత కీలు. మామూలు కొయ్యకాలు నేల మీద మొద్దులా పడుతుంది. ఇది అడుగు పడగానే కాస్త వంగి, మళ్ళీ తనంతట తనే లేస్తుంది. దీనికి ఎనిమిది నెలలు పట్టింది, పదకొండు కీళ్ళు విరిగాయి. మా పెద్ద మేస్త్రి నా బల్ల దగ్గర ఆగి, "నువ్వు కాళ్ళు చేస్తున్నావా, విరుస్తున్నావా?" అని అడిగి వెళ్ళాడు.

మడమ రబ్బరు ముక్క. ఒక్క బోల్టుతో కింద నుంచి బిగించాను, బోల్టు తల రబ్బరులోకి దిగి ఉంటుంది. మూడు వారాలకోసారి ఆ ముక్క విప్పి నాకు పంపు, కొత్తది బిగించుకో. పెట్టెలో ఇంకో ఆరు ఉన్నాయి.

ఎలా ఉందని నిన్ను అడగను. అడిగితే బాగుందంటావు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి, దుప్పటి కింద కాలు లేదని చూసుకుని, నా వైపు తిరిగి "నీకేం తగల్లేదు కదా" అన్న మనిషివి. అందుకే నీ మాట నాకు వద్దు. మడమ ఎక్కడ అరిగిందో చూస్తే మనిషి బరువు ఎటు వేస్తుందో, నొప్పికి ఎటు తప్పుకుంటుందో తెలిసిపోతుంది. రబ్బరుకి మొహమాటం ఉండదు.

రావాలనే ఉంది. పని తెమలడం లేదు.

మరమేకు


మూడో అంతస్తు, బైండింగు బల్ల
జనవరి 29

ఒరేయ్ మరమేకూ,

చిన్నప్పుడు నేను పెట్టిన పేరుతోనే సంతకం చేశావు. మొదటి మడమ పంపుతున్నాను. నువ్వు చెప్పినట్టే విప్పాను, బోల్టు కింద పడితే మీ బావ బల్ల కింద దూరి వెతికి ఇచ్చాడు. అంత పెద్ద మనిషి అక్కడ ఇరుక్కుంటే కాలున్న వాళ్ళ కష్టం కాలున్న వాళ్ళది అనుకున్నాను.

నడుస్తున్నాను. మొదట గుమ్మం దాకా, తర్వాత వరండా చివరి దాకా, ఇప్పుడు మెట్లు దిగి వీధి మలుపు దాకా. కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నావని మీ బావ దెప్పుతున్నాడు. కొయ్యకాలికి బలపం ఎలా కడతారో ఆయన్నే అడగాలి.

పని ఎప్పటిలాగే ఉంది. ఏదో ఆఫీసు వాళ్ళ రిజిస్టర్లు రెండు వందలు వచ్చాయి. నేను కుడతాను, మీ బావ అంచులు కోస్తాడు, కోసిన అంచుల్ని నేనే ఉప్పు కాగితం మీద రుద్ది నున్నగా చేస్తాను. ఒక మూల ఎత్తుగా ఉంటే నా చెయ్యి ఊరుకోదని నీకు తెలుసుగా.

నువ్వు సరిగ్గా తిను. పోయినసారి నీ అక్షరాలు కూడా చిక్కిపోయినట్టున్నాయి.

అక్క


కాళ్ళ గది
ఫిబ్రవరి 6

అక్కా,

నీ మడమ చేత్తో పట్టుకుని పెద్ద మేస్త్రి దగ్గరికి పరుగెత్తాను. నాలుగు వైపులా కొలిచాం. ఒకటే కొలత! ఆయన ముప్ఫయ్యేళ్ళుగా ఈ గదిలో ఉన్నాడు. తొడిగే కాలు ఎవరిదైనా సరే, మడమ వెనక బయటి మూల ముందు అరుగుతుంది, అది తప్పదు అంటాడు. నీది తప్పింది. అంటే నా కీలు బరువుని నాలుగు వైపులకీ పంచుతోంది. నేను అనుకున్నది అదే, కానీ జరుగుతుందని నాకే నమ్మకం లేదు.

నీకు విసుగైనా చెబుతాను. బయటి మూల అరిగిపోతే రబ్బరులో దాగిన బోల్టు తల బయటపడుతుంది. ఇనుము నేలకి తగిలితే తడి మెట్టు మీద మనిషి నిలవదు. ఆ భయంతో బోల్టుని పక్క నుంచి బిగించేలా ఇంకో నమూనా గీసి పెట్టుకున్నాను. అది బరువెక్కువ, ఒక్కో కాలికి నాలుగు రోజుల పని ఎక్కువ. నీ మడమ ఇలాగే అరిగితే దాంతో పని లేదు. కింద నుంచి బిగించినా ఏడాది నిశ్చింతగా ఉండొచ్చు.

ఇంకో సంగతి. రెండేళ్ళయింది కదా, ఆ రోడ్డు మలుపు దగ్గర మనం బండి మీద నుంచి పడి. నేను బండి నడుపుతూ ఏదో చెప్పి నవ్వించడానికి వెనక్కి తిరిగాను. ఆ తర్వాత కంటి నిండా నిద్రపోయింది నీ మడమ వచ్చిన రోజే. ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మరమేకు


బైండింగు బల్ల
మార్చి 21

తమ్ముడూ,

రెండోదీ మూడోదీ కలిపి పంపుతున్నాను. ఆలస్యమైంది, రిజిస్టర్లు తలమునకలుగా ఉన్నాయి.

నువ్వు నిద్రపోయానని రాసిన ముక్క నాలుగైదు సార్లు చదివాను. మీ బావకి కూడా చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఒక మాట అడుగుతాను. ఈ కాలు ఇంకెవరికీ ఇవ్వలేదు కదా? తొందరపడకు. నేనొక్కదాన్ని నడిస్తే సరిపోతుందా? నా బరువు వేరు, నా ఇల్లు వేరు. రోజంతా కూర్చుని చేసే పని నాది. ఇంకొన్నాళ్ళు చూడు. నీకేదో నేర్పాలని కాదు, ఊరికే అంటున్నాను.

ఈ నెలలోనైనా ఒకసారి రాగలవా? రాలేకపోతే పరవాలేదు.

అక్క


కాళ్ళ గది
ఏప్రిల్ 14

అక్కా,

నువ్వు ఆగమన్నావు గానీ ఆగలేదు, అయిదుగురికి ఇచ్చేశాం. మూడు మడమలు చూశాక పెద్ద మేస్త్రే తయారు చేయమన్నాడు. బోల్టు కింద నుంచే. "ఏడాది తర్వాత వచ్చి మడమ మార్పించుకోండి" అని చెప్పి పంపాను.

అందులో ఒకావిడ ఈ వీధిలో పాలు పోస్తుంది. యంత్రంలో పాదం పోయింది. ఇన్నాళ్ళూ చంక కర్ర ఒక చేతా, పాల క్యాను ఇంకో చేతా పట్టుకుని మేడలెక్కేది. కాలు తొడిగిన రోజు గదిలో అటూ ఇటూ నాలుగు సార్లు నడిచి, ఆ చంక కర్రని నా బల్ల మీద పెట్టి, "ఇది నీకే ఉంచుకో కాళ్ళ బాబూ, నా చేతికి సెలవు దొరికింది" అంది. ఇప్పుడు రెండు చేతుల్లో రెండు క్యాన్లు. పొద్దున్నే నా కిటికీ ముందు ఆగి, కాలు ముందుకి చాపి, "బిడ్డ బాగానే ఉంది, చూసుకో" అని చెప్పి మరీ వెళుతుంది.

ఆమె నడుస్తుంటే నువ్వు నడుస్తున్నట్టే ఉంటుంది నాకు. ఇది నీ వల్లే జరిగింది, నా కీలు వల్ల కాదు.

వచ్చే నెలలో తప్పకుండా వస్తాను.

మరమేకు


బైండింగు బల్ల
ఏప్రిల్ 22

తమ్ముడూ,

ఆ అయిదుగురి మడమలు నెలకోసారి విప్పి చూడు. ఏడాది ఆగకు. ఎందుకని అడగకు. నా మాట మీద చూడు.

నాలుగో మడమ ఇప్పుడు పంపడం లేదు. ఒంట్లో బాగుండక ఈ మధ్య నడక తగ్గించాను.

అక్క


కాళ్ళ గది
జూన్ 17

అక్కా,

రెండు నెలలయింది నీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చి. ఒంట్లో ఎలా ఉంది? బావనైనా రెండు ముక్కలు రాయమను.

నేను వస్తానని చెప్పి మళ్ళీ రాలేదు. కొత్తగా పద్నాలుగు మందికి కొలతలు తీశాం. గదిలో నిలబడడానికి చోటు లేదు. నువ్వు చెప్పినట్టు మడమలు విప్పి చూడాలనే అనుకున్నాను. ఎవరినీ పిలిపించే తీరిక దొరకలేదు.

పాలావిడ మాత్రం మొన్న తనే వచ్చింది. "బాబూ, ఇది నడుస్తుంటే టిక్కు టిక్కుమంటోంది, గోడ గడియారం మింగినట్టు" అంది. నా చేతుల నిండా ప్లాస్టరు ఉంది, వెనక ఏడుగురు కూర్చుని ఉన్నారు. "కొత్త సామాను కదా, చప్పుడు చేస్తుంది, అదే సర్దుకుంటుంది" అన్నాను. నవ్వి వెళ్ళిపోయింది. ఆవిడ వస్తోందని ఇప్పుడు ఇళ్ళవాళ్ళకి ఆ చప్పుడుతోనే తెలుస్తోందట, గిన్నెలు పట్టుకుని ముందే తలుపు తీస్తున్నారట.

రాయి.

మరమేకు


బైండింగు బల్ల
జూన్ 30

తమ్ముడూ,

నీ ఉత్తరం అంది తొమ్మిది రోజులయింది. అయిదు సార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది చింపకముందే మీ బావ చేతికిచ్చి పోస్టుకి పంపుతాను.

ఆ పాలావిడ కాలు ఇవాళే విప్పు. ఇది చదవగానే లేచి వెళ్ళు. మిగతాది తర్వాత చదువు.

నేను నడవలేదురా. ఒక్క రోజు నడిచాను. మంచం నుంచి గుమ్మం దాకా వెళ్ళేసరికి తొడుగు లోపల చర్మం చిట్లి మేజోడు తడిసింది. మర్నాడు మళ్ళీ తొడిగితే మెట్ల పైన నిలబడగానే కింద నేల గిర్రున తిరిగింది, ఆ మలుపు దగ్గర రోడ్డు తిరిగినట్టే. విప్పేసి బీరువా వెనక పెట్టాను. ఇంట్లో దేకుతున్నాను. కిందికి వెళ్ళాలంటే మీ బావ వీపే.

మడమలు నేను అరగదీశాను. పుస్తకాల అంచులు రుద్దే ఉప్పు కాగితం మీద పెట్టి రుద్దాను. ఒక వైపే అరగదియ్యాలని నాకు తెలియదు. తెలిసినా ఈ చెయ్యి అలా చేసేది కాదేమో, పాతికేళ్ళుగా సమం చేయడానికి అలవాటు పడిన చెయ్యి. నాలుగు వైపులా ఒకటే కొలత వచ్చిందని నువ్వు సంబరపడితే, రెండోసారి ఇంకా శ్రద్ధగా చేశాను. స్కేలు పెట్టి మరీ చూసుకున్నాను.

బండి నడిపింది నువ్వని నువ్వు మర్చిపోవాలని చేశాను. నేను నడిస్తే నీ మనసు మీద బరువు దిగుతుందని. నిద్రపోయానని రాశావు. ఇక నిజం ఎలా చెప్పను? మీ బావ చెప్పెయ్యమన్నాడు, నేనే ఒట్టు వేయించుకున్నాను. తప్పు నాది, ఆయనది కాదు.

కానీ ఒకటి అడుగుతాను, కోపం వస్తే తెచ్చుకో. రెండున్నరేళ్ళలో ఒక్కసారి వచ్చి ఉంటే తెలిసిపోయేది కదా. నా ప్లాస్టరు అచ్చు పోస్టులో తెప్పించుకున్నావు, నా మడమలు పోస్టులో తెప్పించుకున్నావు. నేను లేచి నిలబడితే ఎలా ఉంటానో చూడడానికి నీకు భయం. ఆ భయం నాకు తెలుసు కాబట్టే ఇంత ధైర్యంగా అబద్ధం ఆడగలిగాను.

ముందు ఆవిడ కాలు విప్పు.

అక్క


కాళ్ళ గది
జూలై 1

అక్కా,

పాలావిడ పోయింది.

ఆదివారం వాన పడింది. మూడో అంతస్తులో పాలు పోసి దిగుతూ జారింది. తల మెట్టు అంచుకి కొట్టుకుంది. మా ఆసుపత్రికే తెచ్చారు. నా గదికీ ఆమె మంచానికీ మధ్య రెండు గోడలు. నిన్న మధ్యాహ్నం అయిపోయింది.

కాలు విప్పి నా బల్ల మీద పెట్టారు. మడమ వెనక బయటి మూల లేదు. బోల్టు తల మెరుస్తోంది. రోజూ రాతి మెట్ల మీద నడిచి నడిచి దానికి మెరుగు పెట్టింది ఆవిడే. అదీ ఆ టిక్కు టిక్కు. కొత్త సామాను చప్పుడు చేస్తుంది అన్నాను నేను.

మిగతా నలుగురినీ పిలిపించాను. నాలుగు మడమలూ అదే మూల అరిగాయి. కాళ్ళు తీసుకుని చంక కర్రలిచ్చి పంపాను.

ఇప్పుడు నీ మూడు మడమలూ ఆమె మడమ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కీలు అదే, రబ్బరు అదే, బోల్టు అదే. అక్కా, నువ్వు ఎలా నడిచావు?


జూలై 9

నువ్వు జూన్ 30న రాసింది 3న చేరింది. నేను రాసింది నీకు అదే రోజు చేరి ఉంటుంది.

చదివాను. నీ మీద కోపం వస్తోంది, అబద్ధం ఆడను. తొమ్మిది రోజులు. మొదటి రోజునే రాసి ఉంటే ఆవిడ ఆదివారం మెట్లెక్కేది కాదు. ఈ మాట రాయకూడదని చాలాసేపు కూర్చున్నాను. రాయకపోతే మళ్ళీ మన పాత పద్ధతే అవుతుంది.

ఇక నా సంగతి విను. మూడో మడమ మీద గీతలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. నడిచిన మడమ మీద గీతలు ముందుకీ వెనక్కీ ఉంటాయి. ఇది ఈ గదిలో మొదటి వారమే నేర్పుతారు. నేను ఆ గీతలు చూశాను. ముక్క జిగురు వాసన వేసింది, అదీ తెలిసింది. మా అక్క కాలు తిప్పి వేస్తోందేమో అనుకున్నాను. అలా అనుకోవాలనిపించింది కాబట్టి అనుకున్నాను. పెద్ద మేస్త్రికి గీతల వైపు చూపించలేదు, కొలత వైపే చూపించాను.

ఆసుపత్రి వాళ్ళు పెట్టిన విచారణలో రెండూ చెప్పాను. తొడిగిన మనిషి నడవలేదని, చేసిన మనిషి చూడలేదని. కాగితం మీద సంతకం పెట్టాను. నన్ను కాళ్ళ పని నుంచి తీసేసి చంక కర్రలకి వేశారు.

ఆవిడ ఇంటాయన వచ్చాడు. ఒక్కటే అడిగాడు, "చప్పుడొస్తోందని నీకు చెప్పిందా?" అని. చెప్పిందన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ కాలు వెనక్కి పంపు. కొంతకాలం నాకు రాయకు.


కాళ్ళ గది, కర్రల బల్ల
అక్టోబరు 8

అక్కా,

మూడు నెలలుగా నువ్వు రాయలేదు. నేనే వద్దన్నాను, నువ్వూ మాట మీద నిలబడ్డావు. కాలు మాత్రం పంపలేదు.

ఇక్కడ ఆ నలుగురూ వారం వారం వస్తున్నారు. అందులో గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. "మూడు నెలలు నడిపించి మళ్ళీ కూర్చోబెట్టావు. అసలు నడిపించకపోయినా బాగుండేది" అన్నాడు. బోల్టు పక్క నుంచి బిగించే నమూనా పెద్ద మేస్త్రి చూశాడు. "ఎవరైనా నిజంగా నడిచి చూపిస్తే చేయిద్దాం, కాగితం మీద నీ మాట ఇక చెల్లదు" అన్నాడు. ఎవరిని అడగను? అడిగే మొహం లేదు.

పాల క్యాన్లు ఇప్పుడు ఆవిడ ఇంటాయన మోస్తున్నాడు. నా కిటికీ దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకి అవతలి వైపు వెళతాడు.

తమ్ముడు


మూడో అంతస్తు
నవంబరు 1

తమ్ముడూ,

కాలు పంపలేదు, ఎందుకంటే తొడుక్కున్నాను. ఆవిడ పోయిందన్న నీ ఉత్తరం అందాక పది రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాను. పదకొండో రోజు, అంటే జూలై పదమూడున, బీరువా వెనక నుంచి అది తీయించాను. ఇవాళ్టికి నూట పన్నెండు రోజులు. మూడు వారాలకోసారి మార్చలేదు. ఒకటే మడమ. మీ బావ రోజూ ఒక చీటీ మీద రాశాడు, ఆ చీటీలన్నీ కుట్టి దీంతో పంపుతున్నాను. బాగుంది అన్న మాట ఎక్కడా ఉండదు. వెతుక్కో.

తొడుగు లోపలి వైపు, మోకాలికి నాలుగు వేళ్ళ కింద కోస్తుంది. మొదటి నెల రోజూ నెత్తురే. మీ బావ అక్కడ తోలు చెక్కి మెత్త అతికించాడు, కాస్త నయం. బూట్లు కుట్టేవాళ్ళ దగ్గర దొరికే పల్చటి తోలు వాడాడు, ముక్క పంపుతున్నాను. కీలు బాగా లేస్తుంది, కానీ మెట్లు దిగేటప్పుడు తొందరపడుతుంది. నేను ఇంకా సిద్ధంగా లేకముందే అది లేచిపోతుంది. ఎక్కడం పరవాలేదు. రెండు సార్లు పడ్డాను. ఒకసారి పన్ను కదిలింది. నేను అరవై ఎనిమిది మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్ళి వస్తున్నాను. జనవరిలో నీకు రాసిన మలుపే. నీ నమూనా పనికొస్తుందని చెప్పడానికి ఇదంతా చేయలేదు. పాత నమూనా ఏం చేస్తుందో నా కాలికే తెలియాలని చేశాను.

ఆవిడ గురించి రోజూ అనుకుంటాను. రెండు చేతుల్లో క్యాన్లు పట్టుకుని ఇన్ని మెట్లు ఎలా దిగిందో. నేను వట్టి చేతులతో గోడ పట్టుకుని దిగుతున్నాను.

ఇవాళ పొద్దున రెండో అంతస్తు దిగుతుంటే టిక్కుమంది. మొదట గోడకి ఏదో తగిలిందనుకున్నాను. ఇంకో మెట్టు దిగాను, మళ్ళీ టిక్కుమంది. అక్కడే కూర్చుండిపోయాను. మీ బావ కాగితం, కలం తెచ్చి ఇచ్చాడు. ఇది ఆ మెట్టు మీదే రాస్తున్నాను.

నాకు చప్పుడు వినిపించింది. ఎవరికి చెప్పాలో తెలుసు కాబట్టి నీకు చెబుతున్నాను. మడమ ఇంకా విప్పలేదు.

అక్క


కర్రల బల్ల
నవంబరు 5

అక్కా,

మడమ విప్పకు. పోస్టులో పంపకు. ఆదివారం పొద్దున బస్సుకి బయల్దేరుతున్నాను, మధ్యాహ్నానికి మీ వీధి మలుపు దగ్గర దిగుతాను. అప్పటిదాకా మెట్లు దిగకు, బావ వీపు ఎక్కు.

చీటీలు పెద్ద మేస్త్రికి ఇచ్చాను. నిలబడే అన్నీ చదివాడు. పన్ను కదిలిన రోజు చీటీ దగ్గర ఆగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. పక్క బోల్టుతో ఒక కాలు చేయమన్నాడు, ముందు గడియారాల ఆయనకి. ఆయన ఒప్పుకుంటే.

రేపు పొద్దున పాలావిడ ఇంటికి కూడా వెళతాను. ఆ ఇంటాయనకి చెప్పడానికి నా దగ్గర కొత్త మాటేమీ లేదు. మడమ మూల ఎన్నాళ్ళకి అరుగుతుందో ఇప్పుడు తెలిసిందని చెప్పాలి. ఎలా తెలిసిందో కూడా చెబుతాను. తలుపు తీస్తాడో లేదో.

రెంచీ తప్ప ఏమీ తేవడం లేదు, ముందు ఆ మడమ నేనే విప్పి నీ దగ్గర మిగిలిన కొత్తది బిగిస్తాను. నేను మెట్ల కింద నిలబడతాను. నువ్వు పై నుంచి ఒక అంతస్తు దిగు, బావ పక్కన ఉంటాడు. నేను మొత్తం చూస్తాను, తల తిప్పుకోను. నొప్పి పుడితే మొహంలో దాచకు.

తమ్ముడు